రోజురోజుకీ పొట్టిదవుతున్న స్వెట్టరు

యాంగోన్‌లో ఉండి స్వెట్టర్లు అల్లుతానంటే ఎవరైనా నవ్వుతారు. ఈ బర్మా ఊళ్ళో చలి అనదగ్గది డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నది మీంచి వచ్చే గాలి ఒక్కటే. అయినా ఉన్ని కడిగి, ఏకి, కదురు మీద వడికి, ఆ నూలుతో స్వెట్టర్లు అల్లడం ఎన్నో ఏళ్ళుగా నా సరదా. నేర్పింది దో మాయా. దో అన్నది ఇక్కడ పెద్దావిడ పేరు ముందు చేర్చే గౌరవం. కలో కొండల నుంచి వచ్చిన గూర్ఖా మనిషి, ఈ ఊళ్ళోనే సంచౌంగ్‌లో ఉంటుంది. ఆవిడ చుట్టాలు బస్సు మీద వేసి పంపే గోనెసంచిలో ఉన్ని సగం ఆవిడది, సగం నాది. వానాకాలంలో ఆ ఉన్ని కడిగితే తడిసిన గొర్రె వాసన మూడు రోజులపాటు ఇల్లు వదలదు. ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు ఇష్టం.

నా పేరు నూకరత్నం. కొట్టులో యదనా అంటారు. బర్మీస్‌లో అదీ రత్నమే. బోటాటౌంగ్‌లో, రేవు గోదాములకి దగ్గర్లో, ఒక పాత మేడ పై అంతస్తులో ముగ్గురం ఉంటాం. నేను, మా ఆయన అప్పలరాజు, ఆయన చెల్లెలు పైడమ్మ. మాకు పిల్లల్లేరు. మా ఆయన గోదాములో సూపర్‌వైజరు. భర్త పోయినప్పటి నుంచి పైడమ్మ మాతోనే ఉంటోంది. నేను లమ్మడాలో ఒక టోకు కాగితాల కొట్టులో బిల్లులు కొడతాను.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి జబ్బొకటి ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, మా ఇంట్లో ఆ రోజులు అలా గడిచేవి కావు.

వానల చివర

వానలు తగ్గుముఖం పడుతున్న నెలలో ఒక పొద్దున లేచేసరికి ఎడమకాలు బరువుగా ఉంది. మెట్లు దిగుతుంటే చెప్పు జారిపోయింది. పోయిందని కింది అంతస్తుకి వచ్చాక గానీ తెలియలేదు. తల ఒక పక్క దిమ్ముగా ఉంది. నుదుటికి బామ్ రాసుకుని బస్సెక్కి కొట్టుకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి కాలు తేలికపడింది. ఆ సంగతి ఇంట్లో చెప్పనే లేదు. చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే. కాలో చెయ్యో ఒక్కసారి అలా బరువెక్కి మళ్ళీ తేలికపడినా ఆస్పత్రికి వెళ్ళండి. బామ్ చాలదు.

ఆ తర్వాత చిన్నచిన్నవి మొదలయ్యాయి. మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వేలాడుతుంది. కింద కొట్టువాడు పొట్లం దాని చివరి క్లిప్పుకి తగిలించి తాడు కదిపితే పైన గంట మోగుతుంది, మనం లాక్కుంటాం. ఒకరోజు రెండు చేతులా లాగుతుండగా సగం దూరంలో ఎడమచెయ్యి తెరుచుకుంది. తాడు కుడిచేతిని కోసుకుంటూ జారిపోయింది, గుడ్లన్నీ రోడ్డు మీద పగిలాయి. మర్నాడు పాలు. రవిక బొత్తాలు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే మళ్ళీ విప్పి ఉండేవి. మరిచిపోయానేమో అనుకుని పెట్టుకునేదాన్ని.

అప్పుడు నేను మా ఆయన కోసం ఒక స్వెట్టరు అల్లుతున్నాను. రంగు వెయ్యని బూడిదరంగు ఉన్ని. తెల్లవారుజామున రేవుకి వెళ్ళేటప్పుడు వేసుకుంటాడని. వీపు ముక్క నడుము దాటి జబ్బల దాకా వచ్చింది. ఒక సాయంత్రం సంచిలోంచి తీస్తే జానెడు తగ్గి ఉంది. సూదులు మాత్రం సంచిలో పెట్టినచోటే ఉన్నాయి, కుట్లు ఊడి వేలాడుతున్నాయి.

నిన్న అంతే అల్లానేమో అనుకున్నాను. కానీ ఒకసారి అల్లి విప్పిన నూలు వంకీలు పోతుంది. సంచి అడుగున బోలెడు వంకీల నూలు ఉంది. మళ్ళీ ఎక్కించి అల్లాను. రెండు రోజులకి ఇంకా పొట్టిదయింది.

"ఇంట్లో ఎలకలున్నాయి మావా" అన్నాను మా ఆయనతో.

ఆయన ముక్క అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎలకలైతే కొరికీసి పోతాయి. కుట్టు ఎంట కుట్టు ఇప్పుతాయేటి? ఇది సేత్తో ఇప్పినదే."

ఆ మాట అన్నాక ఇద్దరం పైడమ్మ గది వైపు చూశాం. ఇంట్లో ఉన్నది ముగ్గురమే. పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది, వినిపించినట్టుంది.

"నానిప్పనేదు వదినా. అమ్మోరి మీద ఒట్టు" అంది. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. నా ఒళ్ళోకి చూస్తూ చెప్పింది.

ఆ రోజు నుంచి ఆమె తీరు మారింది. నా పక్కన కూర్చుని తినడం మానేసింది. నేను వంటగదిలోకి వెళ్తే ఆమె బయటికి వచ్చేసేది. గదిలోకి వెళ్ళగానే గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించేది. ఇన్నేళ్ళలో ఎన్నడూ పెట్టుకోలేదు. ఒకరోజు కూర తరుగుదామని చూస్తే కత్తిపీట లేదు. నా కత్తెర కూడా లేదు. అడిగితే "ఏమో వదినా" అంది. కూరగాయలు ఆమె గదిలోంచి తరిగి వచ్చేవి.

నాకు ఆమెంటే భయం పుట్టింది. ఆమెకి మతి చలించిందనుకున్నాను. వాళ్ళన్నతో ఎలా చెప్పాలా అని రోజూ మాటలు కూడబలుక్కునేదాన్ని. పక్కగదిలో తానూ నా గురించి సరిగ్గా అదే చేస్తోందని నాకు తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాన జోరుగా పడుతోంది. మా ఆయన బయటికి వెళ్ళాడు. నేను బల్ల మీద కూర్చుని టీవీ చూస్తున్నాను, అల్లిక సంచి నా ఎడమపక్కన ఉంది. కరెంటు పోయింది. ఇక్కడ అది రోజూ పోయేదే. ఫ్యాను ఆగేదాకా అలాగే కూర్చున్నాను. ఎదురుగా టీవీ నల్లగా అయిపోయి అందులో గది కనిపిస్తోంది. కిటికీ, బల్ల, నేను.

నా పక్కన ఎవరిదో చెయ్యి సంచిలో కదులుతోంది.

తొందర లేకుండా కదులుతోంది. ఒక వేలు దారాన్ని లాగుతోంది, ఆగుతోంది, మళ్ళీ లాగుతోంది. దో మాయా నూలు వడికేటప్పుడు అంత నిదానంగా చేస్తుంది. పైడమ్మ చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చుందనుకున్నాను. తల తిప్పడానికి ధైర్యం చాలక టీవీలోనే ఆ చేతి వెంట పైకి చూశాను. మణికట్టు. మోచెయ్యి. నీలం పూల జాకెట్టు చెయ్యి. ఆ రోజు నేను తొడుక్కున్నది నీలం పూల జాకెట్టు.

కిందికి చూశాను. నా చెయ్యే. నేను చూస్తున్నా అది ఆగలేదు. ఆగు అనుకున్నాను, ఆ మాట ఎక్కడికీ వెళ్ళలేదు. కుడిచేత్తో మణికట్టు పట్టుకుని సంచిలోంచి లాగితే వేళ్ళు గాలిలో ఇంకాసేపు దారం లాగుతూనే ఉన్నాయి.

వెనక నుంచి పైడమ్మ ఏడుపు వినిపించింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"సూసినావా వదినా. నాను ఎప్పుడో సూసినాను."

"మరి చెప్పలేదేం?"

"ఏటని సెప్పనూ? ఆ రోజు నువ్వు నాతో నవ్వుతా మాటాడతన్నావు. నీ సెయ్యేమో నీది కానట్టు సంచిలో పని సేసుకుంటంది. నాను సూస్తన్నానని తెలిసింది గావాల, ఆగిపోయి నా మొకం ఏపు తిరిగింది. సెయ్యికి కళ్ళుంటాయేటి? నన్ను సూసింది వదినా."

కత్తిపీట, కత్తెర ఆమె మంచం కింద గుడ్డలో చుట్టి ఉన్నాయి.

దీపాల పండగ

వానలు ఆగాక వచ్చే తడింజుట్ పున్నమికి ఊరంతా దీపాలు పెడతారు. అంతవరకూ మేం ఎవరికీ చెప్పలేదు. నేను పనికి సెలవు పెట్టాను. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కుడిచెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. పడుకునేటప్పుడు మా ఆయన పాత లుంగీతో దాన్ని మంచంకోడుకి కట్టేవాడు. గట్టిగా కట్టడానికి ఆయనకి మనసొప్పేది కాదు. ఒకసారి మెలకువ వచ్చేసరికి అది నా మెడ మీద ఉంది. నొక్కలేదు. ఊరికే ఉంది, బరువుగా, వెచ్చగా, ఇంకెవరిదో అన్నట్టు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

పైడమ్మ మా వీధి అమ్మవారి గుళ్ళో పూజ చేయించి ఎర్రదారం తెచ్చింది. నా ఎడమ మణికట్టుకి కట్టింది. ముడి వేసి చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే నా వేళ్ళు ఆమె చూపుడువేలి చుట్టూ ముడుచుకున్నాయి.

"వదిలీ వదినా."

"నేను పట్టుకోలేదే పైడీ."

"నొప్పెడతంది. వదిలీ."

మా ఆయన వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే తెరిచాడు. ఒకటి తెరిస్తే ముందు తెరిచింది మళ్ళీ ముడుచుకునేది. ముగ్గురం కింద కూర్చుని ఆ పని చేశాం.

పండగ సాయంత్రం పైడమ్మ బాల్కనీ అంచున కొవ్వొత్తులు వరసగా నిలబెట్టింది. ఎదురింటి మేడలన్నీ వెలుగుతున్నాయి. చాలా రోజుల తర్వాత మనసు కాస్త తేలికపడి నేను కూడా వెళ్ళి వెలిగించసాగాను. వరస చివరికి వచ్చేసరికి మొదటివి ఆరిపోయి ఉన్నాయి. గాలేమో అనుకున్నాను. వెనక్కి వచ్చి మళ్ళీ వెలిగించాను. పైడమ్మ కేక పెట్టింది.

కుడిచెయ్యి వెలిగిస్తున్న కొవ్వొత్తినల్లా ఎడమచెయ్యి వత్తి పట్టుకుని నలిపి ఆర్పుతోంది. బొటనవేలు, చూపుడువేలు నల్లబడి బొబ్బలెక్కాయి. నాకు మంట తెలియలేదు. మాడిన వాసన తెలిసింది, అది నాదని తెలియలేదు.

మా ఆయన ఆ వేళ్ళని నీళ్ళ చెంబులో ముంచి పట్టుకున్నాడు. "దెయ్యమో బూతమో నాకు తెలీదు రత్నా. రేపు ఆస్పత్రికెల్దాం" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఆస్పత్రి వసారా

పెద్దాస్పత్రి వసారాలో కూర్చోవడం ఒక ఉద్యోగం లాంటిది. చీకటితోనే వెళ్ళి చీటీ తీసుకుంటాం. చాపలు పరుచుకున్నవాళ్ళు, టిఫిను క్యారియర్లు, పసిపిల్లలకి విసురుతున్న అట్టముక్కలు. ఎవరి పేరో పిలుస్తారు, ఆ పేరు కాని వాళ్ళందరూ కూడా లేచి కూర్చుంటారు. నేను ఎడమచేతిని తువ్వాలులో చుట్టి దాచుకున్నాను. అది లోపల కదులుతుంటే పక్కవాళ్ళు కోడిపిల్లని తెచ్చిందనుకుని ఉంటారు.

నా పక్కన ఒక బర్మా పెద్దాయన కూర్చున్నాడు. ఉక్కగా ఉందని తన తాటాకు విసనకర్ర ఇచ్చాడు. నేను కుడిచెయ్యి చాచేలోపు తువ్వాలులోంచి ఎడమచెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది. నాకు సిగ్గేసింది. వెనక్కి ఇద్దామని లాగితే వదలదు. ఆయన నా చేతినీ, కాలిన వేళ్ళనీ, నా మొహాన్నీ చూశాడు.

"ఉంచుకోనీ అమ్మా. దానికి కావాలట" అన్నాడు.

అంతే అన్నాడు. ఇంకేం అడగలేదు. తన వంతు వచ్చినప్పుడు విసనకర్ర లేకుండానే లేచి వెళ్ళిపోయాడు. అది పట్టుకున్నంతసేపూ చెయ్యి మెదలలేదు. ఎన్నో వారాల తర్వాత నేను వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను.

తలని గొట్టంలో పెట్టి ఫొటో తీశారు. లోపల డబ్బాలు బాదుతున్నట్టు చప్పుడు. కదలొద్దన్నారు. నేను కదలలేదు. ఎడమచెయ్యి మాత్రం ఆ చప్పుడుకి తాళం వేస్తూ గొట్టం గోడ మీద తడుతోంది. బయటున్న పిల్ల మైకులో "ఆంటీ, తట్టకండి" అంటోంది. నేను తట్టడం లేదని చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. చివరికి చేతిని పట్టీతో కట్టి మళ్ళీ తీశారు.

డాక్టరు ఆడమనిషి, బాగా అలసిపోయి ఉంది. అయినా తొందరపెట్టకుండా చెప్పింది. తలలో రెండు సగాల మధ్య వంతెన లాంటిది ఉంటుందట. అక్కడికి వెళ్ళే రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. కాలు బరువెక్కిన ఆ పొద్దునే అయి ఉంటుందంది. ఈ సగం అనుకున్నది ఆ సగానికి అందడం లేదు, అందుకే ఆ చెయ్యి తనకి తోచింది చేస్తోంది. ఎడమపక్క ఏం జరుగుతోందో కూడా నాకు సరిగా తెలియడం లేదంది.

పైడమ్మ డాక్టరమ్మని ఇక్కడివాళ్ళలా సయామా అంటూ వచ్చీరాని బర్మీస్‌లో అడిగింది. "లోపల ఇంకెవరైనా ఉన్నారా సయామా?"

డాక్టరు నవ్వలేదు. "ఎవరూ లేరు. అదీ ఆవిడే" అంది.

ఆ మాటకి పైడమ్మ చేతులు జోడించింది. ఇంటికి వస్తూ టాక్సీలో మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. వాళ్ళిద్దరికీ భయం పోయిన ఆ రోజే నాకు అసలు భయం పట్టుకుంది. దెయ్యమైతే ఏదో ఒకనాడు వదిలిపోతుంది. కొవ్వొత్తులు ఆర్పినదీ, పగలంతా అల్లినదాన్ని కూర్చుని విప్పినదీ నేనే అయితే, అది ఎక్కడికి పోతుంది? నాకు తెలియని నేను అన్నాళ్ళ నుంచీ ఆ చేతిలో కూర్చుని ఏం చూస్తోంది?

చలినెలలు

మందులు మొదలుపెట్టారు. ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు. అక్కడ పని చేసే అమ్మాయి చిన్నది, చెంపలకి తనాఖా చెక్క గంధం పూసుకుని వస్తుంది. విసనకర్ర సంగతి చెబితే, మంచిదే, ఖాళీగా ఉంచకండి, ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకోనివ్వండి అంది. కుడిచేత్తో చేసేటప్పుడు పైకి చెబుతూ చెయ్యమంది. దాంతో పోట్లాడొద్దంది.

చేతికి ఉన్ని ఉండ ఇచ్చేవాళ్ళం. పైడమ్మకి ధైర్యం వచ్చేసింది. నా ఎడమపక్కనే కూర్చునేది. నాతో కాక చేతితో మాట్లాడేది. "ఒలే, అల్లరి సెయ్యకు. మీ అమ్మ అన్నం తింటంది" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నవ్వుతుండగా అది ఉండని ఒకసారి నొక్కేది, విన్నట్టు. నవ్వు ఆగిపోయేది.

మా ఇద్దరి మధ్యా ఒకటి మిగిలిపోయింది. ఒకరోజు నేనే అడిగాను.

"గడియ పెట్టుకుని పడుకునేదానివి. అంత భయమేసినప్పుడు ఈ ఇంట్లో ఎందుకున్నావు పైడీ? సంచౌంగ్‌లో మీ పిన్ని ఇంటికి పోవలసింది."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "పోదామనే సంచి సర్దినాను. నాను పోతే అన్నకి ఎవులు సెప్తారు, రాత్రి నీ పక్కన పడుకోవద్దనీసి? సెప్పడానికా నోరు రాదు. అందుకని కత్తులు దాసినాను."

జనవరిలో దో మాయా వచ్చింది. సంచిలో ఏకిన ఉన్ని, తన కదురు తెచ్చింది. నేను వద్దన్నాను. కదురు తిప్పే చెయ్యి, ఉన్ని సాగదీసే చెయ్యి కలిసి నడిస్తేనే పురి పడుతుంది. నా రెండు చేతులూ కలిసి గ్లాసు కూడా ఎత్తడం లేదు.

"వడకమనడం లేదు. పట్టుకో" అంది బర్మీస్‌లో. ఉన్నిని నా ఎడమచేతిలో పెట్టి, కదురు తను తిప్పింది. ఆ వేళ్ళు ఉన్నిని నలిపాయి, పిసికాయి, ఒకసారి నేలకేసి కొట్టాయి. ఆవిడ ఏరి మళ్ళీ పెట్టింది. వారం వారం బస్సు మీద వచ్చి అలాగే కూర్చునేది. ఒకరోజు ఆవిడ టీ తాగుతుంటే నా కుడిచెయ్యి కదురు తిప్పింది. ఎడమచెయ్యి కాసేపు ఊరుకుంది. తర్వాత రెండు వేళ్ళు విడివడి ఉన్నిని కొంచెం కొంచెంగా వదిలాయి. పురి పాకుతూ పైకి వెళ్ళింది. బారెడు నూలు పడింది. మధ్యలో బొడిపెలు, ఒకచోట వెంట్రుకంత సన్నం.

సంతోషించవలసింది. కానీ నేను దానికి వదలమని చెప్పలేదు. ఎంత వదలాలో దానికి తెలుసు. నేను కదురు ఆపేశాను. దో మాయా ఆ నూలుని వేలికి చుట్టి చూసి "గట్టిగానే ఉంది" అంది.

వేసవి

ఇప్పుడు మళ్ళీ కొట్టుకి వెళ్తున్నాను. బొత్తాలు పెట్టిన చోటే ఉంటున్నాయి. బాగా అలసిపోయినప్పుడూ, ఎవరైనా ఒక్కసారిగా పిలిచినప్పుడూ చెయ్యి తన దారిన కొంచెం లేస్తుంది. నేను పైకి "దించు" అంటాను, దిగుతుంది. బస్సులో పక్కవాళ్ళు చూస్తారు. చూడనీ. అల్లడం ఇంకా కుదరలేదు. నూలు మాత్రం వడుకుతున్నాను.

మొన్న డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు వసారాలో ఒక బర్మా జంట నా ఎదురుగా కూర్చుంది. అతనికి నలభై ఉంటాయి. కుడిచేత్తో ఎడమ మణికట్టుని బిగించి పట్టుకున్నాడు. అతని చెంప మీద గోళ్ళ గీతలున్నాయి. భార్య అతనికి మూరెడు దూరంలో, బల్ల చివర కూర్చుంది. పైడమ్మ అలాగే కూర్చునేది. నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"అది ఆయన మీద కోపంతో చేస్తున్నది కాదమ్మా. మీ మీదా కాదు" అన్నాను. "జబ్బు. నాకూ ఉంది."

ఆమె నా మొహం చూసింది. "మా ఊళ్ళో ఇంకోలా చెప్పారు" అంది మెల్లగా. "ఇంట్లో కత్తులన్నీ పక్కింట్లో పెట్టాను. ఆయనకి చెప్పలేదు."

"మా ఇంట్లోనూ పెట్టారు."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఒక చేత్తో మొహం కప్పుకుని ఏడుస్తోంది. కుడిచేతిలో చీటీ ఉంది, సంచి ఉంది. అప్పుడు నా ఎడమచెయ్యి లేచింది. బల్ల మీంచి నెమ్మదిగా పాకి ఆమె చేతిని అందుకుని పట్టుకుంది. ఆమె కూడా గట్టిగా పట్టుకుంది.

నేను చాచానో, అదే వెళ్ళిందో నాకు తెలియదు. లోపల నా పేరు పిలుస్తున్నారు. ఆమె ఏడుపు ఆగేదాకా నేను లేవలేదు.